చిరుతిండి, తృప్తి, కేలరీలు

మధ్యాహ్న భోజనమైన రెండు గంటలకే మరల ఏదో ఒకటి నమలవలెననిపించే వారిని లోకం తిండిపోతులని ఎగతాళి చేస్తుంది. వారికి లభించే సలహా ఒక్కటే: నోరు కట్టుకొమ్మని. 'లంఖణం పరమౌషధం' అన్న లోకోక్తి కూడ అందరికంటె వారి మీదనే ఎక్కువగా ప్రయోగింపబడుతున్నది. నోరు కట్టుకున్నవారిలో అధికులు నాలుగు రోజులు తిరగకుండానే పాత దారి పట్టడం మనకు క్రొత్త కాదు. ఆకలి శరీరధర్మం. దానిని తిట్టి తరిమివేయడం సాధ్యపడదు. అయితే దానికి ఏమి పెట్టవలెనో తెలిసికొనడం మాత్రం సాధ్యమే. కేలరీలు తక్కువగా ఉండి, కడుపు నిండినట్లు తోపించే చిరుతిండ్లు ఉన్నవా, ఉంటే అవి అట్లు పనిచేయుటకు కారణమేమి అన్న విషయాన్ని ఈ వ్యాసంలో వివరింప ప్రయత్నిస్తాను.

విషయం నవ్వులాటగా కనిపించినా ఫలితం నవ్వులాట కాదు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో దేశమంతట జరిగిన మధుమేహ సర్వే ఫలితాలు 2023లో ప్రకటింపబడినవి. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్నట్లు, మరి 13 కోట్ల 60 లక్షల మంది దానికి ముందు దశలో ఉన్నట్లు అందులో తేలినది. పెద్దవారిలో నూటికి 39 మందికి పైగా నడుము చుట్టు కొవ్వు పేరుకొని ఉన్నది. తల్లియో, తండ్రియో 'షుగరు' మాత్రలు మింగని ఇండ్లు మన విద్యార్థుల ఇండ్లలో ఎన్ని ఉన్నవో ఎవరికి వారు లెక్కించుకొనవచ్చు. ఆ మాత్రలకు ముందు ఇరువది యేండ్ల అలవాట్లు ఉన్నవి. వాటిలో అధికభాగం విద్యార్థి దశలోనే, సాయంకాలపు తిండి దగ్గరనే స్థిరపడుతున్నవి.

ఒక హెచ్చరిక ముందే చేయవలసి ఉన్నది. ఈ వ్యాసం అందరికి ఉద్దేశింపబడినది కాదు. వయస్సుకు తగిన బరువు లేనివారు, రక్తహీనతతో బాధపడేవారు మన వసతి గృహాలలో తక్కువేమీ లేరు. విద్యార్థినులలో వారి సంఖ్య మరింత ఎక్కువ. వారు కేలరీలు తగ్గించుకొనడం అవివేకం. వేరుశనగలు, బెల్లం, ఖర్జూరం, గుడ్డు, పాలు వారికి కావలసినవి. సన్నబడడమే అందమన్న భ్రమతో కడుపు మాడ్చుకునే వారి కోసం ఈ మాటలు వ్రాయడం లేదు.

కేలరీ అనగా ఉష్ణాన్ని కొలిచే ప్రమాణం. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ సెంటీగ్రేడు మేర వేడిచేయుటకు కావలసిన ఉష్ణమే ఆహారశాస్త్రంలో మనం వాడే కేలరీ. ఒక గ్రాము పిండిపదార్థం గాని, మాంసకృత్తులు గాని 4 కేలరీల శక్తినిస్తే, ఒక గ్రాము నూనె లేక నెయ్యి 9 కేలరీలనిస్తుంది. నీటికి కేలరీలు లేవు. పీచుపదార్థంలో స్వల్పం. ఈ నాలుగు వాక్యాలు గుర్తున్నవారికి ఇక మీద చెప్పబోయేదంతా తేలికగా బోధపడుతుంది.

1918లో నీలగిరులలోని కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మన ఆహారపదార్థాల విలువలను పట్టికలుగా ప్రచురించింది. ఆ పట్టికల వంటి వాటి సాయంతో వినోదకరమైన లెక్క ఒకటి వేయవచ్చు. వంద కేలరీలు కావలెనంటే ఏ వస్తువును ఎంత తినవలెను? దోసకాయలైతే ముప్పాతిక కిలో. జామపండ్లైతే రెండు వందల గ్రాములు, అనగా ఓ మోస్తరు కాయలు రెండు. ఉడికించిన శనగలు అరవై గ్రాములు, చిన్న గిన్నెడు. బొరుగులు ముప్పది గ్రాములు. తూకానికి తక్కువైనా అవి రెండు దోసిళ్ళు నిండుతాయి. పుట్నాలు ఒక గుప్పెడు, వేరుశనగ పప్పులు అర గుప్పెడు. బిస్కెట్లు నాలుగు. నూనె రెండు చెంచాలు. ముప్పాతిక కిలో దోసకాయలను ఒక్క కూర్చోలో తినగలిగిన వాడు అరుదు. రెండు చెంచాల నూనె ఏ పకోడీలో ఎటు పోయినదో తిన్నవానికే తెలియదు.

జీర్ణకోశానికి కేలరీలను లెక్కించే పరికరం ఏదీ లేదు. అది ముఖ్యంగా గ్రహించగలిగినది తాను ఎంత సాగినది అన్న విషయాన్ని. ఆహారం చేరి కోశపు గోడలు సాగినప్పుడు అందలి నాడీకొనలు వేగస్ నాడి ద్వారా మెదడుకు వార్త పంపుతాయి. తరువాత ఆహారం చిన్నప్రేవులలో ప్రవేశించగా, అక్కడి మాంసకృత్తులను, కొవ్వును గుర్తించి కొన్ని హార్మోనులు విడుదలై 'ఇక చాలును' అన్న భావాన్ని బలపరుస్తాయి. ఆకలిని రేకెత్తించే గ్రెలిన్ అనే హార్మోనును 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. కడుపు ఖాళీగా ఉన్నప్పుడు అది పెరుగుతుంది, తిన్న తరువాత తగ్గుతుంది. ఈ వార్తాహరుల రాకపోకలు ముగియుటకు కొంత వ్యవధి పడుతుంది. అయిదు నిమిషాలలో పొట్లం ఖాళీ చేసినవానికి తృప్తి అందేలోగా రెండవ పొట్లం కూడ పూర్తి అవుతుంది.

కావున కడుపు నిండుటకు పరిమాణం కావలెను, నమలుటకు సమయం పట్టవలెను, నిండిన కడుపు కొంతసేపు నిలుచుటకు మాంసకృత్తులు, పీచు ఉండవలెను. పరిమాణాన్ని కేలరీలు లేకుండ పెంచగలిగినది ముఖ్యంగా నీరు. గాలి కూడ పెంచుతుంది కాని దాని సంగతి వేరు, తరువాత ప్రస్తావిస్తాను.

ఏ ఆహారం ఎంత తృప్తినిస్తుందో కొలుచుటకు 1995లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయంలో సుసానా హోల్ట్, ఆమె సహచరులు ఒక ప్రయోగం చేశారు. ముప్పదియెనిమిది ఆహారాలను, ఒక్కొక్కటి 240 కేలరీలకు సమానమైన పరిమాణంలో విద్యార్థులకు పెట్టి, రెండు గంటలపాటు పావుగంటకొకసారి వారి ఆకలిని అడిగి గుర్తించారు. తెల్ల రొట్టెకు 100 మార్కులుగా నిర్ణయించి తక్కినవాటిని దానితో పోల్చారు. అందరికంటె ముందు నిలిచినది ఏ ఖరీదైన ఆహారమో కాదు, ఉడికించిన బంగాళదుంప. దానికి 323 మార్కులు. చేపకు 225, నారింజకు 202, ఆపిల్‌కు 197, పేలాలుగా వేయించిన మొక్కజొన్నకు 154, గుడ్డుకు 150 వచ్చినవి. కేకుకు 65 మాత్రమే. అదే బంగాళదుంపను పలుచని రేకులుగా తరిగి నూనెలో వేయించిన చిప్సుకు 91.

ఒకే దుంప 323 దగ్గర నుండి 91కి ఎట్లు దిగజారినది? నిజానికి చిరుతిండి శాస్త్రమంతా ఈ ప్రశ్నలోనే ఇమిడి ఉన్నదనవచ్చు. పచ్చి దుంపలో ముప్పాతిక భాగానికి పైగా నీరే ఉన్నది. కాగిన నూనెలో పడగానే మనకు వినిపించే చిటపట శబ్దం ఆ నీరు ఆవిరై పారిపోతున్న శబ్దమే. నీరు విడిచిన చోట నూనె ప్రవేశిస్తుంది. చిప్సు తూకంలో దాదాపు మూడవ వంతు నూనె. వంద గ్రాముల ఉడికిన దుంపలో వందలోపు కేలరీలుంటే వంద గ్రాముల చిప్సులో అయిదు వందలు దాటుతాయి. కడుపును సాగదీసే వస్తువు పోయి, కడుపుకు కనిపించని వస్తువు చేరినది. మన జంతికలు, కారప్పూస, బూందీ, గవ్వలు, పకోడీలు అన్నింటి చరిత్ర ఇదే. వాటి రుచిని నిందించడం లేదు. పండుగనాడు ఎవరు వద్దంటారు? నిత్యం సాయంకాలం ఆకలి తీర్చుటకు మాత్రం అవి పనికిరావు, ఏలయనగా అవి ఆకలిని తీర్చవు.

నీటి విషయంలో ఒక సందేహం కలుగవచ్చు. నీరే కడుపు నింపుతుందంటే పకోడీలు తిని రెండు గ్లాసుల నీళ్ళు త్రాగితే సరిపోదా? ఈ సందేహానికి 1999లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో బార్బరా రోల్స్ బృందం సమాధానం వెదకింది. భోజనానికి ముందు కొందరు స్త్రీలకు ఒకనాడు కోడిమాంసం, బియ్యం కలిపిన గట్టి వంటకం పెట్టారు. మరొకనాడు అదే వంటకాన్ని గ్లాసెడు నీటితో ఇచ్చారు. ఇంకొకనాడు అదే దినుసులను, అంతే నీటిని కలిపి సూపుగా కాచి ఇచ్చారు. మూడింటిలోను కేలరీలు సమానం. సూపు త్రాగిన నాడు వారు తరువాతి భోజనం తక్కువగా తిన్నారు. ప్రక్కన గ్లాసుతో నీరు త్రాగిన నాడు అట్టి తగ్గుదల కనిపించలేదు. విడిగా త్రాగిన నీరు జీర్ణకోశం నుండి త్వరగా జారిపోతుంది. ఆహారంలో ఇమిడిన నీరు ఆహారంతోపాటు నిలుస్తుంది. మన అవ్వలు కాచిన జొన్న అంబలి, రాగి జావ ఎందుకు అంతసేపు నిలిచేవో ఊహించుకొనవచ్చు.

ఈ దృష్టితో చూచినప్పుడు మన చిరుతిండ్లలో అగ్రస్థానం గుగ్గిళ్ళకు ఇవ్వవలసి ఉంటుంది. రాత్రి నానవేసిన శనగలు తెల్లవారేసరికి ఉబ్బుతాయి. ఉడికిన తరువాత వాటి తూకంలో నూటికి అరవై పాళ్ళు నీరే. వంద గ్రాముల ఉడికిన శనగలలో దాదాపు 165 కేలరీలు, తొమ్మిది గ్రాముల మాంసకృత్తులు, ఏడెనిమిది గ్రాముల పీచు ఉంటాయి. పై పొట్టు నమలక తప్పదు కనుక దవడలకు పని, తినుటకు వ్యవధి. నీరు, పీచు, మాంసకృత్తులు, నమలుడు అన్న నాలుగు గుణాలు ఒక్కచోట చేరిన పదార్థం ఇంత చౌకగా మరొకటి దొరకదు. 1981లో టొరాంటోలో డేవిడ్ జెంకిన్స్ మొదలైనవారు ఏ ఆహారం రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో కొలిచి పట్టిక తయారు చేసినప్పుడు, నిదానంగా పెంచే పదార్థాల వరుసలో పప్పుధాన్యాలు ప్రముఖంగా నిలిచినవి. మధుమేహం ఇంటిలో ఉన్నవారు ఈ విషయం ప్రత్యేకంగా గమనింపదగినది.

గుగ్గిళ్ళు మన సంస్కృతిలో ఎంత లోతుగా పాతుకొని ఉన్నవో చూడండి. శ్రావణమాసంలో పేరంటాండ్రకు నానిన శనగలే వాయనం. ఇంటికి చేరిన ఆ వాయనపు శనగలన్నీ మరునాడు పోపులో పడి గుగ్గిళ్ళవుతాయి. దసరా నవరాత్రులలో అవే ప్రసాదం. శ్రీరామనవమికి పందిళ్ళలో పంచే వడపప్పు ఉడికించవలసిన అవసరం కూడ లేని చిరుతిండి: నానిన పెసరపప్పులో దోసకాయ, మామిడి ముక్కలు. రంజాన్ మాసంలో రోజా విరమణ వేళ పళ్ళెంలో ఖర్జూరం ప్రక్కన కనిపించే 'చనే' మరేమిటి? మతాలు వేరైనా నానబెట్టిన గిన్నె ఒక్కటే. రాయలసీమ పల్లెలలో ఉలవల గుగ్గిళ్ళు తినని బాల్యం ఉండేది కాదు. ఉడికించిన నీటితో చారు కాచి, గింజలు పిల్లల చేతిలో పెట్టేవారు. ఎండు ఉలవలలో నూటికి ఇరువది రెండు పాళ్ళు మాంసకృత్తులే. గుర్రానికి పెట్టే దాణా అని చిన్నచూపు చూచే నాగరికులు గుర్రం పరుగును మరచిపోతున్నారు. అలసందలు, పెసలు, బఠాణీలు కూడ ఈ కోవలోనివే.

గుగ్గిళ్ళపై వచ్చే ఆక్షేపణ కడుపు ఉబ్బరం. నానిన నీటిని పారబోసి క్రొత్త నీటిలో ఉడికిస్తే అది చాలవరకు తగ్గుతుంది. మొదటి వారం అర గిన్నెతో మొదలుపెట్టి క్రమంగా పెంచుకుంటే కడుపు అలవాటు పడుతుంది. పోపులో నూనె చెంచాతో కొలిచి పోయవలెను గాని సీసా వంచి పోయరాదు. పది మంది గుగ్గిళ్ళకు మూడు నాలుగు చెంచాలు చాలును. నిమ్మరసం, పచ్చిమిరప, ఉల్లి, కొత్తిమీర, కొబ్బరి కోరు కొద్దిగా ఉంటే నూనె లోటు నాలుకకు తెలియదు.

శనగలనే వేయించి పొట్టు తీస్తే పుట్నాలు. మన సీమలో 'పప్పులు' అంటాము. ఇవి మంచివే కాని వీటిలో నీరు లేదు. వంద గ్రాములకు 370 కేలరీల వరకు ఉంటాయి. కనుక గుప్పెడుతో ఆపవలెను. వేరుశనగ పప్పులలో సగం తూకం నూనెయే కావున అర గుప్పెడు. గుగ్గిళ్ళను గిన్నెతో తినవచ్చు, పుట్నాలను గుప్పిటతో తినవలెను అని గుర్తుంచుకుంటే త్రాసుతో పని లేదు.

ఇక గాలి సంగతి. బొరుగులు, మరమరాలు, ముర్మురే అని ఒకే పదార్థాన్ని మన కళాశాల ఆవరణలోనే మూడు విధాల పిలుస్తారు. వేడి ఇసుకలో బియ్యపు గింజలోని తేమ ఆవిరై ఉబ్బించడం చేత లోపల గాలి నిండుతుంది. ఒకే చిరుతిండిని గాలి ఎక్కువగా పట్టించి ఇచ్చినప్పుడు మనుష్యులు ఎక్కువ పరిమాణం తిన్నామనుకొని తక్కువ కేలరీలతో తృప్తిపడినట్లు 2007లో అదే పెన్సిల్వేనియా బృందం కనుగొన్నది. కంటికి నిండుగా కనిపించడం కూడ తృప్తిలో భాగమే. కాని బొరుగులలో మాంసకృత్తులు, పీచు స్వల్పం. వాటి పిండి త్వరగా జీర్ణమై రక్తంలో చక్కెరను వేగంగా పెంచుతుంది. గంటలోనే ఆకలి తిరిగి వస్తుంది. కావున బొరుగులను ఒంటరిగా పంపక, తోడు ఇచ్చి పంపవలెను. ఉల్లి, టమాట, దోసకాయ ముక్కలు, గుప్పెడు ఉడికిన శనగలు, నిమ్మరసం కలిపినచో మంచి చిరుతిండి అవుతుంది.

మన కర్నూలు ప్రాంతపు ఉగ్గాని ఈ సందర్భంలో ప్రశంసార్హమైనది. బొరుగులను నీటిలో ముంచి పిండి, ఉల్లి పోపులో కలిపి, పైన పప్పుల పొడి చల్లుతారు. గాలి ఉన్న చోట నీరు చేరుతుంది. పప్పుల పొడి వలన మాంసకృత్తులు చేరుతాయి. ఇంత తెలివిగా కూర్చిన పలహారానికి ప్రక్కన మిరపకాయ బజ్జీలు జోడించి లెక్కంతా తారుమారు చేయడం కూడ మనకే చెల్లింది! ఉగ్గాని తిని, బజ్జీని ఒక్కదానితో సరిపెట్టుకున్నవానిని ఆక్షేపింపను.

జొన్న పేలాలు, మొక్కజొన్న పేలాలు బియ్యపు బొరుగులకంటె మేలు, ఎందువలననగా వాటిలో గింజ పైపొట్టు కూడ ఉంటుంది. తొలి ఏకాదశికి చేసే పేలాల పిండి బెల్లంతో కూడినది కావున అది వేరు లెక్క. సినిమా హాలులో అమ్మే పేలాలకు వెన్న, నూనె, ఉప్పు తగిలిన తరువాత పేరు తప్ప మరేమీ మిగలదు. బొగ్గుల మీద కాల్చి నిమ్మచెక్క రుద్దిన లేత మొక్కజొన్న కంకి, ఉర్దూలో 'భుట్టా', ఈ జాబితాలో తప్పక చేరదగినది. ఒక్కొక్క గింజను పంటితో ఒలుచుకుంటూ తినవలసిరావడమే దాని గొప్ప.

పండ్లను గూర్చి విస్తరించి వ్రాయనక్కరలేదు. రసం తీసి త్రాగవద్దు, పండును కొరికి తినుడు అన్న ఒక్క మాట చాలును. 2009లో జరిగిన ఒక ప్రయోగంలో భోజనానికి ముందు ఆపిల్ ముక్కలు తిన్నవారు తరువాత నూటికి పదిహేను పాళ్ళు తక్కువ కేలరీలు తీసుకున్నారు. అన్ని కేలరీలూ గల రసం త్రాగినవారిలో ఆ ఫలితం రాలేదు. మనకు ఆపిల్ అక్కరలేదు. జామపండులో పీచు అంతకంటె అధికం, ధర స్వల్పం. ముంజలు, పుచ్చకాయ, దోసకాయ, ముల్లంగి, కారెట్టు వీనిలో ఏ ఋతువుకు లభించేది ఆ ఋతువులో తినవచ్చు.

ఉపవాసకాలపు తిండిని ప్రత్యేకంగా ప్రస్తావింపవలసి ఉన్నది. రంజాన్‌లో పదమూడు, పద్నాలుగు గంటలు అన్నపానీయాలు విడిచిన తరువాత మూడు ఖర్జూరాలు, నీరు తీసుకొనడం సంప్రదాయం. మూడు ఖర్జూరాలలో సుమారు 70 కేలరీలున్నవి; తగ్గిన చక్కెరను మెల్లగా సరిచేయుటకు అది తగిన ఆరంభం. ఇబ్బంది తరువాత వస్తుంది. సమోసాలు, పకోడీలు, లుఖ్మీలు, రంగు షర్బతు ఒకదాని వెనుక ఒకటి పది నిమిషాలలో కడుపులో పడతాయి. పరిమాణాన్ని బట్టి ఒక్క సమోసాలోనే రెండు వందల కేలరీలకు పైగా ఉండవచ్చు. తరావీహ్ నమాజులో నిలబడినప్పుడు ఆయాసం, మండే ఛాతీ అందరికి అనుభవమైనవే. నెల రోజుల ఉపవాసం తరువాత బరువు పెరిగినవారు మన మధ్య ఉన్నారు. తమిళనాట మసీదులలో బియ్యం, పప్పు, మెంతులు వేసి కాచే నోన్బు గంజిని ఈ సందర్భంలో స్మరింపదగును. నీరు ఆహారంలో ఇమిడి ఉండవలెనన్న సూత్రానికి అంతకంటె మంచి ఉదాహరణ లేదు. ఖర్జూరం, నీరు, గిన్నెడు గంజి లేక శనగలు, పండ్ల ముక్కలు. నమాజు తరువాత భోజనం. ఈ క్రమంలో వేయించిన వస్తువుకు చోటు తానుగానే తగ్గిపోతుంది. హలీం సంగతి అడుగుతారేమో. అది చిరుతిండి కాదు, సంపూర్ణ భోజనం. దాని తరువాత మరల భోజనం చేయడమే పొరపాటు.

కడుపులో మూడవ వంతు ఆహారానికి, మూడవ వంతు నీటికి, మూడవ వంతు ఊపిరికి విడువవలెనని మహాప్రవక్త ముహమ్మద్ (స) బోధించినట్లు హదీసు గ్రంథాలు చెబుతున్నవి. జఠరాన్ని నాలుగు భాగాలు చేసి రెంటిని ఘనాహారానికి, ఒకదానిని ద్రవానికి, ఒకదానిని వాయువుకు ఉంచవలెనని వాగ్భటుని అష్టాంగహృదయం. భాగాల లెక్క కొంచెం వేరైనా నీటికి చోటు విడువవలెనన్న మాట రెండింటిలోను ఉన్నది.

మోసగించే తిండ్లను కూడ గుర్తుపట్టవలెను. 'డైట్' అని పేరు పెట్టిన అటుకుల మిక్స్చరు, 'పలు ధాన్యాల' బిస్కెట్లు, 'జీర్ణకారి' బిస్కెట్లు అన్నీ పొడి వస్తువులే; వంద గ్రాములకు నాలుగైదు వందల కేలరీలు సామాన్యం. పొట్లం ముందువైపు పేరు చదువక, వెనుకవైపు పట్టిక చదువవలెను. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలలో కెవిన్ హాల్ బృందం ఇరువది మందిని రెండు వారాలు కర్మాగారాలలో తయారైన తిండ్లపైన, రెండు వారాలు సామాన్యమైన వంటలపైన ఉంచి చూచింది. ఇష్టం వచ్చినంత తినుడని చెప్పగా, మొదటి తిండ్లు తిన్న రోజులలో వారు దినానికి సుమారు 500 కేలరీలు అధికంగా తిన్నారు. తినే వేగం కూడ ఎక్కువగా ఉన్నది. మెత్తగా కరిగిపోయే బిస్కెట్టుకు, గుగ్గిళ్ళకు తేడా అక్కడే ఉన్నది. చాయ్‌ని కూడ లెక్కలో వేయక తప్పదు. రెండు చెంచాల చక్కెరతో నాలుగు చాయ్‌లు త్రాగినవాడు చక్కెర రూపంలోనే 160 కేలరీలు త్రాగుతున్నాడు, పాలు అదనం. పైన ప్రతి కప్పులో రెండు బిస్కెట్లు మునిగి తేలుతాయి. పలుచని మజ్జిగలో ఈ బాధ లేదు. ఉప్పు మాత్రం చూచి వేసుకొనవలెను. దినమంతటికి అన్ని వంటకాలలోను కలిపి 5 గ్రాములు మించరాదని వైద్యుల మాట.

మధుమేహానికి మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడుతున్నవారు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు ఈ వ్యాసం చదివి తిండి మార్చుకొనక వైద్యుని అడిగి చేయవలెను. తక్కినవారికి పథ్యాలేమీ లేవు. పుస్తకం చదువుతూ, సెల్‌ఫోను చూస్తూ నేరుగా పొట్లంలో చేయి పెట్టి తినక, గిన్నెలో వేసుకొని తింటే చాలును.

ఇంత చెప్పినా విద్యార్థి నాలుగు గంటలకు తరగతి వదలి బయటకు వచ్చినప్పుడు ఎదురుగా ఉన్నదే తింటాడు. ఎదురుగా ఉన్నవి సమోసాలు, పఫ్‌లు, చిప్సు పొట్లాలు మాత్రమే అయినప్పుడు అతనికి పోషకాహార శాస్త్రం బోధించి ప్రయోజనం లేదు. కావున కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. వచ్చే సంవత్సరం క్యాంటీను ఒప్పందం వ్రాసేటప్పుడు, నిత్యం సాయంకాలం ఒక గుగ్గిళ్ళ వంటకం, ఒక ఋతుఫలం, మజ్జిగ తప్పక ఉంచవలెనన్న షరతు ఒకటి చేర్పించండి. సమోసాలను నిషేధింపమని కోరడం లేదు. వాటి ప్రక్కన ఒక గిన్నె ఉంచమంటున్నాను. ఖర్చు భయపడవలసినది కాదు. కిలో ఎండు శనగలు రాత్రి నానవేసి ఉడికిస్తే రెండు కిలోలకు పైగా అవుతాయి. ఒక్కొక్కరికి వంద గ్రాములకు తక్కువ కాకుండ ఇరువది మందికి సరిపోతాయి. వంటవాడు రాత్రి ఇంటికి వెళ్ళే ముందు శనగలలో నీళ్ళు పోయడం మరువకుండ ఉంటే చాలును.